గోల్‌పోస్టుకు కట్టిన షామియానా తాడు

విశాఖపట్నంలో, మా పేటలో నగరం సొత్తుగా ఉన్న ఫుట్‌బాల్ స్టేడియం గురించి రాస్తున్నాను. ఐదుకు రెండున్నర మార్కులు. మైదానానికి మాత్రమే అయితే నాలుగు ఇచ్చేవాణ్ని. మిగిలిన ఒకటిన్నరనూ అందులో అద్దెకు దిగి వెళ్లినవాళ్లు తవ్వుకుపోయారు.

పేరు రాయను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లు ఎలాగూ తడుముకుంటారు. ఇందిరా ప్రియదర్శిని స్టేడియం మాత్రం కాదని ముందే చెప్పేస్తున్నాను. దాని ప్రస్తావన కింద వస్తుంది, కానీ వేరే పని మీద.

నేను ఓడరేవులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. ఇరవై ఆరేళ్లు సెలవు రోజుల్లో జిల్లా మ్యాచ్‌లకు రెఫరీగా పరుగెత్తాను. ఈల ఇప్పటికీ తాళంచెవుల గుత్తికే వేలాడుతుంది. భుజాన ఒక గుడ్డ సంచి, అందులో పొడవాటి కొలత టేపు, బంతిలో గాలి ఎంతుందో చూసే గేజీ, గుడ్డముక్క, రెండు పంపు సూదులు. మా ఆవిడ దాన్ని ‘మీ పౌరోహిత్యం సంచి’ అంటుంది. పొద్దున్నే పేటలోని పిల్లలు ఇరవై మంది దాకా వస్తారు. నేను కోచ్‌ని కాను, డబ్బులు తీసుకోను. తప్పు జరిగినప్పుడు ఈల ఊదుతాను, అంతే. పిల్లలు మాస్టారూ అంటారు. కాదని చెప్పి చెప్పి ఊరుకున్నాను.

ముందు కొలతలు. గోల్ స్తంభాల మధ్య 7.32 మీటర్లు, నేల నుంచి అడ్డకమ్మీ కింది అంచుకు 2.44 మీటర్లు ఉండాలి. తూర్పు గోలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. పడమటి గోలు స్తంభాల దగ్గర సరిగ్గానే ఉన్నా, అడ్డకమ్మీ నడిమధ్య 2.39కి దిగింది. ఐదు సెంటీమీటర్ల కుంగు. బంతి ఆడేవాళ్లు అంత కుంగు తేలేరు. కమ్మీ మీద రంగు లేచిపోయిన చోటు చూస్తే కథ తెలుస్తుంది. రెండు చోట్ల చుట్టూ తాడు ఒరుసుకున్న గుర్తులు, మధ్యలో ఇనుప కొక్కెం గీసిన గాటు. ఎవరి రిసెప్షన్‌కో షామియానా తాళ్లు స్తంభాలకు లాగి కట్టారు, స్పీకర్లు కమ్మీకి వేలాడదీశారు. ఆ జంట నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి. మా గోలు మాత్రం నడుం వంగిపోయింది.

ఇందులో ఒక వింత కూడా ఉంది. మా గోల్‌కీపర్లలో ఒక పదమూడేళ్ల అమ్మాయి టాస్ గెలిస్తే పడమటి గోలే కోరుకుంటుంది. ఎందుకమ్మా అంటే, ‘అక్కడ కమ్మీ నాకు అందుతుంది మాస్టారూ’ అంది. నేను టేపు పెట్టి కొలవడానికి ఎన్నో నెలల ముందే ఆ పిల్ల చేత్తో కొలిచేసింది.

నేల ఎర్రమట్టి, పైన గరిక. వానాకాలంలో చూడముచ్చటగా ఉంటుంది. నడుమ మాత్రం ఒక నల్లటి పట్టీ కనిపిస్తుంది. అది క్రికెట్ అద్దెదారులు వేసిన పిచ్. క్రికెట్ పిచ్ పొడవు 20.12 మీటర్లు. ఫుట్‌బాల్ మైదానంలో మధ్య వలయం ఈ చివరి నుంచి ఆ చివరికి 18.30 మీటర్లు. అందుకే మా వలయం లోపల పడుకోబెట్టిన ఆ నల్లమట్టి రెండు వైపులా రెండేసి మూరలు బయటికి పొడుచుకొచ్చి, పొట్టి దుప్పటి కప్పుకున్నవాడి కాళ్లలా ఉంటుంది. ఎండాకాలంలో అది సిమెంటు. ఎర్రమట్టి మీద మోకాలెత్తు లేచే బంతి దాని మీద పడితే ఛాతీ ఎత్తుకు లేస్తుంది. వాన పడితే సబ్బు. కిక్కాఫ్ దాని మీదే చేయాలి కాబట్టి, మా ఆటలో మొదటి పాస్ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

క్రికెట్ మీద నాకు కోపం లేదు. ఇందిరా ప్రియదర్శినిలో 1988 డిసెంబరు 10న న్యూజిలాండ్‌తో వన్డే జరిగినప్పుడు నేనూ ఎండలో కూర్చుని అరిచినవాణ్నే. మామూలుగా బ్యాటింగే చేసే శ్రీకాంత్ ఆ రోజు 27 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీశాడు. తర్వాత వచ్చి 70 పరుగులు కొట్టాడు. బౌలింగ్‌కు అతన్ని పిలిచినప్పుడు మా పక్కన ఉన్న పెద్దాయన నవ్వుకుంటూ వేరుశెనక్కాయలు కొనుక్కోవడానికి లేచాడు. తిరిగొచ్చేసరికి వికెట్లు పడుతున్నాయి. 1994లో అక్కడే వెస్టిండీస్ మీద సిద్ధూ 114తో అజేయంగా నిలిచాడు, మనవాళ్లు నాలుగు పరుగులతో బతికి బయటపడ్డారు. 1996 ప్రపంచ కప్‌లో కెన్యా మీద మార్క్ వా 130 కొట్టాడు. 2001 ఏప్రిల్ 3న ఆస్ట్రేలియా వచ్చి 338 చేసి వెళ్లింది, హేడెన్, పాంటింగ్ ఇద్దరూ సెంచరీలు. అంతే. ఆ తర్వాత అంతర్జాతీయ వన్డే ఆ మైదానం ముఖం చూడలేదు. క్రికెట్ మధురవాడ వైపు సొంతిల్లు కట్టుకుంది. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోని 148 కొట్టింది ఆ కొత్తింట్లోనే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఊరి స్టేడియంలో అద్దెకున్నవాళ్లలో రెండు రకాలు. సొంతిల్లు కట్టుకునే స్తోమత ఉన్నవాళ్లు ఒకరోజు మూటాముల్లె సర్దుకుని వెళతారు. ఫుట్‌బాల్‌కు మా ఊళ్లో ఆ స్తోమత ఎప్పుడూ లేదు. ఎవరు ఖాళీ చేస్తే వాళ్ల గదిలో చాప పరుచుకోవడమే.

మధ్యలో ఒక ఆశ పుట్టింది. 2020లో ఐ-లీగ్ అనే జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లోకి కొత్త క్లబ్బులను తీసుకునేటప్పుడు శ్రీనిధి క్లబ్బు విశాఖపట్నం పేరు మీద ఎంపికైంది. 2021-22 నుంచి ఆడతారని పేపర్లో చదివి, పేపరు కత్తిరించి సంచిలో పెట్టుకున్నాను. వాళ్ల మొదటి సీజన్ కరోనా కారణంగా బెంగాల్‌లో గడిచింది. తర్వాత హైదరాబాద్ శివారులోని డెక్కన్ అరీనా వాళ్ల ఇల్లయింది. 2022-23లో, 2023-24లో వరుసగా రెండో స్థానంలో నిలిచారు. మంచి జట్టు. తప్పు పట్టను. కానీ మా పిల్లలకు అద్దె ఒప్పందం రాసుకుని సామాన్లు దించని బంధువు లాంటి జట్టది. ఆ పేపరు ముక్క ఇంకా సంచిలోనే ఉంది. మడతల దగ్గర చిరిగింది.

ఇక మా మైదానంలో ఏడాది పొడవునా దిగేవాళ్ల సంగతి. సంక్రాంతికి ముగ్గుల పోటీలు, వీళ్లు అందరికంటే మర్యాదస్తులు, మరునాడు వానో చీపురో ఏదో ఒకటి అంతా తుడిచేస్తుంది. ఎండాకాలం ఎగ్జిబిషన్. వినాయక చవితికి ఒక మూల పందిరి. దీపావళి ముందు టపాసుల దుకాణాలు. కార్తీకంలో సమారాధనలు. నడుమ నడుమ ఉద్యోగ మేళాలు, సభలు, టెన్నిస్ బంతి క్రికెట్ టోర్నమెంట్లు. సభల గురించి ఏమీ రాయను, నాకు పెన్షన్ రావాలి.

అన్నిటిలోకీ బరువైనది ఎగ్జిబిషన్. నలభై రోజులు ఉంటుంది. జెయింట్ వీల్ కాళ్లు పెనాల్టీ ప్రాంతంలో దిగుతాయి, ఎందుకో ప్రతి ఏడూ అక్కడే. గోలుకు 11 మీటర్ల దూరంలో పెనాల్టీ గుర్తు ఉండాల్సిన చోట బకెట్ పట్టేంత గుంత పడుతుంది. మిరపకాయ బజ్జీల దుకాణం వరస ఉన్న చోట నూనె తాగిన మట్టి మీద రెండేళ్లు గడ్డి మొలవలేదు. ఆ మచ్చను పిల్లలు ‘బజ్జీ కార్నర్’ అంటారు. కార్నర్ కిక్ అక్కడి నుంచే కొట్టాలి కాబట్టి పేరు బాగానే అతికింది.

వాళ్లు వెళ్లిన మరునాడు మేకులు ఏరే పని ఉంటుంది. పాత లౌడ్‌స్పీకర్ నుంచి పీకిన అయస్కాంతం ఒకటి నా దగ్గర ఉంది, సాసర్ అంత. దానికి తాడు కట్టి, పిల్లలు వరసగా నిలబడి, నాగలి లాగినట్టు గోలు నుంచి గోలు వరకు లాగుతారు. ఒక్కో చాలుకీ ఆగి దాన్ని తిరగేసి చూడాలి. ఎర్రదుమ్ము గడ్డంలా పట్టుకుని ఉంటుంది. దాన్ని దులిపితే మేకులు, రేకు ముక్కలు, తెగిన బైండింగ్ వైరు, జడపిన్నులు. కిందటేడు ఒక మధ్యాహ్నం లెక్క పెట్టించాను: 214 మేకులు, 31 పిన్నులు, ఒక గుర్రపు నాడా, నాలుగు రూపాయి బిళ్లలు. రూపాయి బిళ్లలు దొరికినవాళ్లవే అని ముందే ఒప్పందం కాబట్టి అయస్కాంతం లాగడానికి పోటీ ఉంటుంది. నాడా ఎక్కడిదో తెలియలేదు. ఆ ఏడు ఎగ్జిబిషన్‌లో గుర్రం లేదు.

ఇంత ఏరినా, మూడు రోజుల తర్వాత ఒక కుర్రాడి బూటులోకి అంగుళం మేకు దిగింది. బూటు అడుగు మందంగా ఉండబట్టి కాలికి గీత మాత్రమే పడింది. టీటీ ఇంజెక్షన్ చేయించి ఇంటికి తీసుకెళితే వాళ్లమ్మ నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఒక్క అద్దెదారు మీద మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా మైదానం కరెంటు స్తంభాలతో, తీగ చుట్టలతో, లారీలతో నిండిపోయింది. ప్రహరీ ఒక వైపు కూలింది, గ్యాలరీ వెనక వేపచెట్టు వేళ్లతో సహా పడుకుంది. బయటి జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్లు గ్యాలరీ మెట్ల మీద పడుకునేవాళ్లు. లారీ చక్రాల గాడులు గడ్డిలో ఏడాది దాకా కనిపించాయి. వాటి గురించి నేను నోరెత్తలేదు. రోజూ పొద్దున్నే ఫ్లాస్కుతో టీ పట్టుకెళ్లాను.

ఇప్పుడు మా అబ్బాయి ఊరి సంగతి. వాడు అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. మేము వెళ్లినప్పుడు అందరూ జలపాతం చూపిస్తామంటే, నేను ఊరి ఫుట్‌బాల్ స్టేడియం చూడాలన్నాను. దాని పేరు ప్రావిడెన్స్ పార్క్. అదీ నగరం సొత్తే. 1926లో కట్టారు. దాని అద్దెదారుల చరిత్ర వింటే మా ఎగ్జిబిషన్ వాళ్లను క్షమించాలనిపించింది. 1933 నుంచి 1955 దాకా అక్కడ కుక్కల పరుగుపందాలు జరిగాయి! తర్వాత బేస్‌బాల్ దిగింది. 1975లో టింబర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు వచ్చింది. 1977 ఆగస్టులో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టు తరఫున తన చివరి పోటీ మ్యాచ్ ఆడింది ఆ మైదానంలోనే. పేరు కూడా అద్దెకే: మల్ట్‌నోమా స్టేడియం, సివిక్ స్టేడియం, పీజీఈ పార్క్, జెల్డ్‌వెన్ ఫీల్డ్, 2014 నుంచి ప్రావిడెన్స్ పార్క్. మన పక్క దుకాణాల బోర్డులు కూడా ఇంత త్వరగా మారవు.

కానీ 2010 సీజన్ అయ్యాక బేస్‌బాల్ జట్టు వెళ్లిపోయినప్పుడు వాళ్లు చేసిన పని నాకు నచ్చింది. మైదానాన్ని ఫుట్‌బాల్ కోసం తిరిగి అమర్చారు. 2011లో టింబర్స్ పెద్ద లీగ్‌లోకి వచ్చింది, 2013 నుంచి థార్న్స్ అనే మహిళల జట్టూ అదే చూరు కింద ఉంది. వచ్చినవాడి కొలతకు ఇల్లు సర్దారు. మావాడి పక్కన కూర్చుని పచ్చిక ఎంత సమంగా ఉందో అని మురిసిపోతుంటే, ‘నాన్నా, అది ప్లాస్టిక్ గడ్డి’ అన్నాడు. సంచిలో టేపు ఉంది కానీ లోపలికి దిగనివ్వరు. టింబర్స్ గోలు కొట్టగానే ఒకతను పెద్ద దుంగను రంపంతో కోసి ఒక చెక్కపలక తీశాడు. మా ఆవిడ ఆటంతా కునికి, ఆ రంపం చప్పుడుకు మాత్రం లేచి, ‘అయిపోయిందా?’ అంది.

తిరిగొచ్చాక మా స్టేడియం బుకింగ్ దగ్గర జరిగింది రాస్తాను. ఒక ఆదివారం ఉదయం అమ్మాయిల మ్యాచ్ కోసం రెండు గంటలకు డబ్బు కట్టి రసీదు తీసుకున్నాను. గాజువాక వైపు నుంచి రెండో జట్టు రెండు ఆటోల్లో వచ్చింది. గేటుకు తాళం. లోపల కుర్చీలు వరసలుగా వేసి, మధ్య వలయంలో వేదిక కడుతున్నారు. ఏదో సరుకు అమ్మే ఏజెంట్ల సమావేశమట. వాచ్‌మన్ నా రసీదు చూసి, ‘మీది నిజమే రెఫరీ గారూ, వాళ్లదీ నిజమే’ అన్నాడు. అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. రెండు రసీదులూ నిజమైనవే, తేదీ ఒకటే, పుస్తకాలు వేరు. పిల్లలు ప్రహరీ బయట రోడ్డు మీద పది నిమిషాలు బంతి తన్నుకుని, ఇడ్లీలు తిని వెళ్లిపోయారు. నా డబ్బు వెనక్కి రాలేదు, ఇంకో ఆదివారానికి సర్దుబాటు చేశారు. ఆ ఇంకో ఆదివారం వాన.

ఆ తర్వాత కార్యాలయానికి వెళ్లి ఒప్పందం కాగితం చూపించమన్నాను. చూపించారు, ఆ మర్యాదకు అర మార్కు కలిపాను. మైదానం గురించి అందులో ఉన్నది ఒక్క వాక్యం: కార్యక్రమం అనంతరం మైదానాన్ని యథాస్థితిలో అప్పగించవలెను.

‘యథాస్థితి అంటే ఏ స్థితి బాబూ?’ అని అడిగాను.

‘ముందు ఎలా ఉందో అలాగ సార్.’

‘ముందు ఎలా ఉందో ఎక్కడ రాసుకున్నారు?’

ఆ అబ్బాయి నవ్వాడు. మంచి నవ్వే, వెటకారం లేదు. ఎక్కడా రాసుకోలేదు. ఎగ్జిబిషన్ వాడు దిగేటప్పుడు క్రికెట్ గుంతలుంటాయి, టపాసుల వాడు దిగేటప్పుడు ఎగ్జిబిషన్ గుంతలుంటాయి. ఎవరికి వారు తమ ముందువాడి యథాస్థితిలో అప్పగించి, డిపాజిట్ పూర్తిగా పట్టుకుపోతారు. మామూలు ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కూడా గోడకు మేకు కొడితే డిపాజిట్‌లో కోస్తారు కదా. ఇక్కడ 214 మేకులకు కోసేవాళ్లు లేరు.

ఇంటికొచ్చి ఒక కాగితం మీద మైదానం ‘స్థితి’ రాశాను. గోల్‌పోస్టుల కొలతలు, అడ్డకమ్మీ నడుమ ఎత్తు, కార్నర్ జెండాల ఎత్తు మీటరున్నరకు తగ్గకూడదని, పెనాల్టీ గుర్తుల చుట్టూ రెండడుగుల మేర నేల సమంగా ఉండాలని, అప్పగింత రోజు అయస్కాంతం లాగి చూపాలని. మనవరాలు కంప్యూటర్‌లో అచ్చు కొట్టి పెట్టింది. అధికారి చదివి, చాలా బాగుందండీ అని, టేబుల్ అద్దం కింద పెట్టించారు. ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మీద ఆంజనేయస్వామి క్యాలెండరు కార్డు, టీ కప్పు మరక. చదవాలంటే కప్పు జరపాలి.

మంచి కూడా రాయాలి. సాయంత్రం నాలుగు దాటాక సముద్రం గాలి గ్యాలరీ మీదికి నేరుగా వస్తుంది, మే నెలలో కూడా కూర్చోవచ్చు. ఆ గాలికి ఉత్తరం వైపు కార్నర్ నుంచి కొట్టిన బంతి తనంతట తానే గోలు వైపు వంగుతుంది. మా పిల్లలు దాన్ని తమ గొప్ప అనుకుంటారు, నేను చెప్పను. దీపాలు బాగున్నాయి, ఒక స్తంభం తప్ప అన్నీ వెలుగుతాయి. ఉప్పుగాలికి కంచె తుప్పు పట్టింది, ఆనుకోవద్దు. ఆడవాళ్ల మరుగుదొడ్డి కిందటేడు బాగు చేశారు, గడియ ఉంది, నీళ్లొస్తున్నాయి. మగవాళ్లది గురించి అడగవద్దు. ఉదయం నడిచేవాళ్లు లైను బయటే నడుస్తారు, ఒక డాక్టరు గారు తప్ప, ఆయన పెనాల్టీ ప్రాంతంలో ప్రాణాయామం చేస్తారు.

వెళ్లాలనుకునేవాళ్లకు: ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలకు ఉచితం. సాయంత్రం దీపాలతో గంటకు 1,200 తీసుకున్నారు, రసీదు అడగండి, అడిగాక తేదీ సరిచూసుకోండి, ముందు రోజు వాచ్‌మన్‌కు కూడా ఒక మాట చెప్పండి. ఉదయం ఆటలో టాస్ గెలిస్తే మొదటి సగం తూర్పు గోలు తీసుకోండి, సూర్యుడు అవతలివాళ్ల కళ్లలో పడతాడు. తాగే నీళ్లు తెచ్చుకోవాలి. బంతిలో గాలి తగ్గితే గేటు ఎదురుగా కొబ్బరిబొండాల బండి అబ్బాయి దగ్గర పంపు ఉంటుంది. సూది మాత్రం మీదే తెచ్చుకోండి, నావి రెండూ అతని దగ్గరే పోయాయి.